మీ వాడు కంప్యూటర్‌లో ఏం చదువుతున్నాడు?



పోయిన వారం సోనాపూర్ క్యాంపు నుంచి ఒక అన్న ఉత్తరం పంపించాడు. నోట్‌బుక్కులోంచి చింపిన రెండు కాగితాలు, రెండువైపులా రాసినవి. గ్రాసరీ షాపులో మన పత్రిక కట్టతోపాటు పెట్టి, "ఈ శీర్షిక రాసే ఆయనకు ఇవ్వండి" అని చెప్పి పోయాడట. అన్నది జగిత్యాల దగ్గర పల్లె. పేరు రాయొద్దన్నాడు కనుక రాయడం లేదు. షట్టరింగ్ కార్పెంటర్. వచ్చి పదకొండేళ్లయింది.

కొడుకు ఇంటర్ పాసయ్యాడు. మనం ఎంసెట్ అని పిలుచుకునే పరీక్ష రాశాడు. దాని పేరిప్పుడు ఈఏపీసెట్. ర్యాంకు దూరంగా వచ్చింది. ఊళ్లో ఒక మధ్యవర్తి, "కంప్యూటర్ సీటు కావాలంటే మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పిస్తా, ఫీజు గాక 3 లక్షలు డొనేషన్" అన్నాడట. ఉన్న ఎకరం మీద రెండు రూపాయల వడ్డీకి అప్పు తెద్దామనీ, వచ్చే ఏడాది ఇంటికి పోదామనుకున్న మాట మానుకుని ఇంకో నాలుగేళ్లు ఇక్కడే ఉందామనీ ఆలోచన. చివర్లో ఇట్లా రాశాడు:

"నాకు తెల్వక అడుగుతున్న అన్నా. నాలుగేండ్లు కంప్యూటర్ల ఏం నేర్పుతరు? మా ఊరి పోరగాండ్లు మండలంల ఇంటర్నెట్ సెంటర్ల మూడు నెలల్ల నేర్చుకున్నరు. దానికి నాలుగేండ్లు, ఇన్ని పైసలు ఎందుకు?"

మిత్రులారా, ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. డబ్బు కట్టే ప్రతి తండ్రీ ముందు అడగాల్సిన ప్రశ్న. నేను నా కొడుకు విషయంలో దీన్ని అడగలేదు. అడగనందుకు ఏం జరిగిందో ముందు చెప్పి, తర్వాత ఆ అన్నకు జవాబు చెబుతాను.

నా ఇంటి సంగతి

నేను 1996లో దుబాయ్ వచ్చాను. స్టోర్‌కీపర్‌గానే ఇన్నేళ్లూ గడిచాయి. మా వాడు 2009లో ఇంటర్ పాసై, కన్వీనర్ కోటాలోనే హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు తెచ్చుకున్నాడు. కాలేజీ పేరు ఎందుకులెండి. ఆ వారం నా రూములో ఎనిమిది మందికీ లడ్డూలు పంచాను. మా వంశంలో మొదటి ఇంజనీరు!

అప్పుడు ఫోన్ కార్డులు కొనుక్కుని మాట్లాడే రోజులు. వారానికోసారి నేను అడిగేది మూడే మాటలు. "తిన్నవా? ఫీజు కట్టినవా? మంచిగ చదువుతున్నవా?" వాడు చెప్పేదీ మూడే మాటలు. "తిన్న. కట్టిన. చదువుతున్న." రెండేళ్లు ఇట్లాగే నడిచింది. కార్డులో నిమిషాలు మిగిలిపోయేవి గానీ మాటలు మిగిలేవి కావు.

2011లో సెలవు మీద ఇంటికి పోయాను. అటక మీద సూట్‌కేసు దించుతుంటే పాత రికార్డు పుస్తకాల మధ్య మార్కుల మెమోలు దొరికాయి. తొమ్మిది సబ్జెక్టులు తప్పాడు. తొమ్మిది! వాడు పదో తరగతిలో మా మండలంలో రెండోవాడు. కూర్చోబెట్టి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "మొదటి రోజు క్లాసుల ఏం చెప్పిన్రో నాకు సమజ్ కాలే నాయనా. అంతా ఇంగ్లీషే. పక్కోళ్లంత తలూపిన్రు, నేను గూడ ఊపిన. నువ్వు ఆ ఎండల నిలబడి పంపుతుంటే, నాకు అర్థమైతలేదని ఎట్ల చెప్పాలె?"

ఆ రాత్రి ఇద్దరమూ అన్నం తినలేదు.

తెల్లారి నేను అడిగాను. "సరే, నీకు అన్నిటికంటే కష్టమైంది ఏది?" "డేటా స్ట్రక్చర్స్." "అంటే ఏంది?" "నీకు అర్థం కాదు నాయనా." "నాకు అర్థమయ్యేదాకా చెప్పు. నీకు అర్థం కాంది నాకు చెప్పలేవు. నాకు చెప్పగలిగిన రోజు నీకొచ్చినట్టు."

ఆ మాట నేను తెలివితో అనలేదు. కోపంతో అన్నాను. కానీ అదే మమ్మల్ని గట్టెక్కించింది. సెలవులో మిగిలిన రోజులూ, తర్వాత ఫోన్లోనూ, వారానికో సంగతి వాడు నాకు చెప్పాలి, నేను మళ్లీ వాడికి తిరగేసి చెప్పాలి. నా స్టోరు, మన క్యాంపు, మన మెస్సు, ఇవే మాకు ఉదాహరణలు. వాడికి ఒక ఏడాది పోయింది. 2013లో రావాల్సిన పట్టా 2014లో వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉద్యోగం. నేను కంప్యూటర్ ఇంజనీరును కాలేదు గానీ, కింద రాసేదంతా ఆ ఫోన్లలో నేర్చుకున్నదే.

నాలుగేళ్లు ఏం నేర్పుతారు?

ముందుగా ఒక తేడా పట్టుకోండి. లిఫ్టు ఎక్కి బటన్ నొక్కడం ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకుంటారు. లిఫ్టు తయారు చేయడం వేరే విద్య. మండలంలో మూడు నెలల్లో నేర్పేది కంప్యూటర్ వాడడం. యూనివర్సిటీలో నాలుగేళ్లు నేర్పేది, కంప్యూటర్ చేత పని చేయించే పద్ధతిని తయారు చేయడం. అందుకే అందులో సగం లెక్కలే. కంప్యూటర్ ముందు కూర్చునే గంటలకంటే కాగితం, పెన్సిలుతో కూర్చునే గంటలే ఎక్కువుండాలి. "మా వాడు కంప్యూటర్ చదువుతుండు గానీ ఎప్పుడూ కాగితాలే గీకుతుండు" అని ఇంట్లో వాళ్లంటే భయపడకండి. సంతోషించండి.

హైదరాబాద్ జేఎన్‌టీయూ లాంటి చోట కోర్సు మొత్తం 160 క్రెడిట్లు. మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, డ్రాయింగు, ఇంగ్లీషుతోపాటు "సీ" అనే భాషలో ప్రోగ్రాం రాయడం ఉంటుంది. ప్రోగ్రాం అంటే పని చెప్పే కాగితమే. కొత్త హెల్పర్‌కు పని చెప్పినట్టు చెప్పాలి. "సిమెంటు తే" అంటే చాలదు. ఎన్ని బస్తాలు, ఎక్కడినుంచి, బస్తా చినిగి ఉంటే ఏం చేయాలి, అయిపోతే ఎవరికి చెప్పాలి, అన్నీ చెప్పాలి. కంప్యూటర్ ఎంత చెబితే అంతే చేసే హెల్పర్. సొంత బుద్ధి వాడదు.

రెండో ఏడాది అసలు పునాది. డేటా స్ట్రక్చర్స్ అంటే సరుకు ఎట్లా సర్దాలనే విద్య. మెస్సులో కడిగిన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడతాం. ఆఖరున పెట్టింది ముందు తీస్తాం. దాన్ని స్టాక్ అంటారు. పొద్దున బస్సు లైన్లో ముందు నిలబడ్డవాడు ముందు ఎక్కుతాడు. దాన్ని క్యూ అంటారు. ఏ పనికి ఏ సర్దుబాటు వాడాలో తెలిసినవాడి ప్రోగ్రాం వేగంగా నడుస్తుంది.

దాని పక్కనే అల్గారిథమ్ ఉంటుంది. మా వాడు నన్ను ఒకసారి అడిగాడు. "నాయనా, నీ రిజిస్టర్ల వెయ్యి మంది ఐడీ నంబర్లు వరుసగ ఉన్నయి. ఒక నంబర్ వెతకాలె. మొదటినుంచి చూసుకుంట పోతే ఎన్ని చూడాలె?" "అదృష్టం బాగలేకపోతే వెయ్యి." "నడిమిట్ల తెరువు. నీ నంబర్ దానికంటే పెద్దదైతే కింది సగం వదిలెయ్. మిగిలినదాన్ల మళ్ల నడిమిట్ల తెరువు. ఇట్ల పోతే ఎన్నిసార్లు?" లెక్క వేశాను. వెయ్యి, ఐదు వందలు, రెండు వందల యాభై... ఎంత దురదృష్టమైనా పదిసార్లలో దొరుకుతుంది! వెయ్యి ఎక్కడ, పది ఎక్కడ? అయితే ఒక షరతు. నంబర్లు వరుసలో ఉండాలి. ఈ చదువు తీరంతా ఇదే. అదే మిషను, అదే కరెంటు. ఆలోచన మారితే పని వంద రెట్లు తగ్గుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు ఫోర్‌మన్ లాంటిది. సైట్లో క్రేన్ ఒక్కటే, గ్యాంగులు ఆరు. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి? ఒక గ్యాంగు దగ్గర డ్రిల్లింగ్ మిషను, ఇంకో గ్యాంగు దగ్గర నిచ్చెన. ఇద్దరికీ రెండూ కావాలి, ఎవరూ ముందు వదలరు. పని ఆగిపోతుంది. దీన్ని డెడ్‌లాక్ అంటారు. కంప్యూటర్ "హ్యాంగ్" అయిందంటామే, అందుకు ఇదీ ఒక కారణం.

డేటాబేస్ అంటే, యూఏఈలో 2009 నుంచి మన జీతాలు డబ్ల్యూపీఎస్ ద్వారా పడుతున్నాయి కదా, ఆ వ్యవస్థ వెనక ఉండేది. ఏ కంపెనీ, ఏ కార్మికుడు, ఏ నెల, ఎంత పడింది, ఎవరికి పడలేదు, ఇవన్నీ తప్పు లేకుండా దాచి, అడిగిన క్షణంలో చూపాలి. జీతం ఆలస్యమైతే లెక్క తేలేది అక్కడే. అంటే ఈ చదువు మన కడుపుతో సంబంధం లేనిదేమీ కాదు.

మూడో ఏడాదిలో నెట్‌వర్క్స్ వస్తాయి. మీరు బోటిమ్‌లో భార్యాపిల్లలతో మాట్లాడితే ముఖం, గొంతు ముక్కలు ముక్కలై సముద్రం దాటి అక్కడ మళ్లీ అతుక్కోవడం ఎట్లాగో నేర్పేది అదే. కంపైలర్ ఉంటుంది. అర్బాబు అరబ్బీలో చెబితే, ఫోర్‌మన్ హిందీలో చెబితే, మన మేస్త్రీ తెలుగులో చెబుతాడు చూడండి, అట్లా మనిషి రాసిన భాషను మిషను భాషలోకి మార్చేది. మెషిన్ లెర్నింగ్ లాంటివి కూడా ఇప్పుడు ఇక్కడే మొదలవుతున్నాయి. నాలుగో ఏడాది ఇష్టమైన సబ్జెక్టులు ఎంచుకోవడం, ప్రాజెక్టు చేయడం. ఈ ప్రాజెక్టును అమ్మే దుకాణాలు ఉన్నాయి. డబ్బిచ్చి ప్రాజెక్టు కొనుక్కొచ్చినవాడు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు. "ప్రాజెక్టుకు పైసలు పంపు" అని ఫోన్ వస్తే, దేనికో వివరం అడిగి పంపండి.

ఇంకొకటి. హాజరు 75 శాతం ఉండాలి. జబ్బు చేస్తే 65 దాకా మన్నిస్తారు, అంతకు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. హాజరు మాట కూడా ఫోన్లో అడగండి.

3 లక్షల లెక్క

ఇక అన్న అడిగిన డబ్బు సంగతి. 3 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు. ఏడాదికి 72 వేలు. నాలుగేళ్లకు 2 లక్షల 88 వేలు. అసలు అట్లాగే ఉంటుంది, దాదాపు అంత వడ్డీ అయిపోతుంది. ఇది కాలేజీ ఫీజు కాదు, హాస్టల్ కాదు, పుస్తకాలు కాదు. ఒక్క సంతకానికి.

ఆ సంతకం కూడా చట్టానికి విరుద్ధం. డొనేషన్, అంటే క్యాపిటేషన్ ఫీజు తీసుకోవడాన్ని మన ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం చేసి నిషేధించారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీటు ఉండడం తప్పు కాదు. రసీదు లేకుండా, నిర్ణయించిన ఫీజు కంటే ఎక్కువ తీసుకోవడం తప్పు. మధ్యవర్తి రసీదు ఇస్తాడా? ఇవ్వడు. రేపు పిల్లవాడు చదవలేక వదిలేస్తే ఆ 3 లక్షలు ఎవరిని అడుగుతారు?

ఇంకో ముఖ్యమైన సంగతి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఆ హక్కు పోతుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు 10 వేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, ఆ పైన 35 వేల దాకా అనే పద్ధతి ఏళ్ల తరబడి నడుస్తూ వచ్చింది. ప్రభుత్వం నుంచి కాలేజీలకు డబ్బు ఆలస్యమైతే, "ముందు మీరు కట్టండి" అని పిల్లల మీద ఒత్తిడి తెచ్చే కాలేజీలూ ఉన్నాయి. కాబట్టి కన్వీనర్ సీటు వచ్చినా చేతిలో కొంత ఉంచుకోవాలి. ఎకరం పోగొట్టుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

అప్పు తప్పదంటే ముందు బ్యాంకుకు పోవాలి. చదువు అప్పుల్లో 7 లక్షల 50 వేల వరకు తాకట్టు, మూడో మనిషి హామీ లేకుండా ఇచ్చేందుకు కేంద్రం గ్యారంటీ పథకం 2015 నుంచి ఉంది. కిస్తీ చదువు అయిపోయాక మొదలవుతుంది. వడ్డీ వ్యాపారికి ఈ ఓపిక ఉండదు.

పెద్ద కాలేజీ ఒక్కటే దారి కాదు

ర్యాంకు దూరంగా వచ్చినంత మాత్రాన కంప్యూటర్ చదువు మూసుకుపోదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ ఉన్నాయి. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఒక్క దరఖాస్తుతో ఈ సీట్లు ఇస్తున్నారు. ఆ తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ చదవొచ్చు. డేటా స్ట్రక్చర్స్ అక్కడా అవే, ఆ పది చూపుల లెక్కా అదే.

పదో తరగతిలో ఉన్న పిల్లల తండ్రులు ఇది జాగ్రత్తగా చదవండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంకొకటి, మనం బాసర ట్రిపుల్ ఐటీ అని పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మొదలైంది. పల్లె పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి మార్కుల మీద ఎంపిక, రెండేళ్ల ఇంటర్, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే. అన్నీ బాగున్నాయని చెప్పను. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు సౌకర్యాల కోసం రోజుల తరబడి ధర్నాకు కూర్చున్నారు. అయినా ఎకరం అమ్ముకోకుండా కూలీ బిడ్డ కంప్యూటర్ ఇంజనీరు అయ్యే దారుల్లో అది ఒకటి.

ఆ విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ డాక్టర్ రాజ్ రెడ్డి. ఆయన గురించి మన క్యాంపుల్లో ఎక్కువమందికి తెలియదు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో చదివింది ఏమిటో తెలుసా? సివిల్ ఇంజనీరింగ్. మన సైట్ల చదువే! తర్వాత ఆస్ట్రేలియా, అక్కడినుంచి అమెరికా పోయి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. మనిషి మాటను మిషను అర్థం చేసుకునే విద్యలో పనిచేశారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు వచ్చింది. ఇవాళ మనం ఫోన్‌తో నోటితో మాట్లాడి పని చేయించుకుంటున్నామంటే, అందులో ఈ కాటూరు రైతుబిడ్డ చేసిన పని ఉంది. పద్దెనిమిదేళ్లకు కంప్యూటర్ సీటు రాకపోతే జీవితం అయిపోయిందని ఏడ్చే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇక్కడ యూఏఈలో చదివించలేమా అని కొందరు అడుగుతారు. దుబాయ్‌లో 2000 నుంచి బిట్స్ పిలానీ, మణిపాల్ వాళ్ల క్యాంపస్‌లు ఉన్నాయి. అబుదాబిలో ఢిల్లీ ఐఐటీ వాళ్లు 2024లో కంప్యూటర్ సైన్స్ బీటెక్ మొదలుపెట్టారు. మంచివే. కానీ ప్రైవేటు క్యాంపస్‌ల ఫీజులు వెయ్యి, పన్నెండు వందల దిర్హాముల జీతంతో అందేవి కావు. ఉన్నమాట చెప్పాలి.

ఇండియాలో ఎన్ఐటీల వంటి చోట్ల విదేశాల్లోని విద్యార్థుల కోసం దాసా అనే పథకం ఉంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు వేరే వాటా ఉంది. వాళ్లకు ట్యూషన్ ఫీజు దేశంలోని పిల్లలతో సమానం. జేఈఈ మెయిన్ రాయాలి. షరతులు ఆ ఏడాది బ్రోచర్‌లో ఉంటాయి. బ్రోచర్ చూడకుండా "గల్ఫ్ కోటా ఇప్పిస్తా" అనేవాడికి ఒక్క దిర్హామ్ ఇవ్వకండి.

క్యాంపులో ఉన్న తమ్ముళ్లకు

మన క్యాంపుల్లో ఇంటర్ పాసై హెల్పర్లుగా వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. మీకోసం రెండు మాటలు. మద్రాస్ ఐఐటీ 2020లో డేటా సైన్స్ డిగ్రీ ప్రకటించింది. జేఈఈ అక్కర్లేదు, వయసు అడ్డం కాదు. మొదట నాలుగు వారాల పాఠాలు, తర్వాత అర్హత పరీక్ష. పాఠాలు నెట్‌లోనే, అసలు పరీక్షలు మాత్రం కేంద్రానికి పోయి రాయాలి. నడుమ ఆపేసినా అప్పటిదాకా చదివినదానికి సర్టిఫికెట్టో, డిప్లొమానో ఇస్తారు. ఇగ్నోలో బీసీఏ కూడా ఉంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి చదవడం మాటలు కాదు. అయినా దారి ఉందని తెలిసి ఉండాలి.

ఒక హెచ్చరిక. "దూరవిద్యలో బీటెక్, ఏడాదిలో పట్టా" అని రూములకు వచ్చే మనుషులున్నారు. మన దేశంలో బీటెక్ దూరవిద్యలో చెల్లదు. ఏఐసీటీఈ అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అట్లా ఇచ్చిన డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఎన్నో ఏళ్ల కింద చదివినవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు. కష్టపడి సంపాదించింది కాగితానికి పెట్టకండి.

ఫోన్లో ఏం అడగాలి?

"ఇప్పుడు ప్రోగ్రాములు కూడా మిషనే రాస్తోంది కదా, ఈ చదువు దండగ కాదా?" అని ఒక తమ్ముడు మొన్న మెస్సులో అడిగాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి ఈ భయం ఉంది. మా వాడిని అడిగితే ఇట్లా అన్నాడు: "నాయనా, అది గోడ కడుతది. గోడ వంకరగ ఉన్నదని పట్టుకునేటోడు కావాలె. బట్టీ పట్టి చదివినోడికి కష్టమే. ఎందుకు అట్ల రాసినమో తెల్సినోడికి పని ఉంటది." నాకు అది సబబుగానే తోచింది. మంచి కాలేజీ పేరుకంటే మంచి పునాది ముఖ్యమని నేను చెప్పేదానికి కూడా ఇదే కారణం. పునాదిని డొనేషన్ ఇచ్చి కొనలేం.

ఆ పునాది పడుతోందా లేదా అని దుబాయ్‌లో కూర్చుని ఎట్లా తెలుసుకోవాలి? నేను ఆలస్యంగా నేర్చుకున్న మూడు ప్రశ్నలు ఇవి. "తిన్నవా" తర్వాత ఇవి అడగండి.

ఒకటి: ఈ వారం నీకు అర్థం కానిది ఏది? గమనించండి, అర్థమైంది ఏదని కాదు. అర్థం కానిది చెప్పడం సిగ్గు కాదని వాడికి తెలియాలి. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి పోయిన పిల్లలకు. తెలుగులోనూ బీటెక్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ 2021లో అనుమతి ఇచ్చింది గానీ, నడిచేది ఇంకా ఎక్కువగా ఇంగ్లీషులోనే. మొదటి ఆరు నెలలు పిల్లవాడు మునిగిపోయేది ఇక్కడే.

రెండు: ఈ వారం నీ చేత్తో రాసిన ప్రోగ్రాం ఏది? అది ఏం చేస్తుంది? రాయకపోతే నీళ్లు నములుతాడు. మీకు వెంటనే తెలిసిపోతుంది.

మూడు: నా పనితో పోల్చి చెప్పు. నీ సబ్జెక్టు నా షట్టరింగ్‌లో, నా డ్రైవింగ్‌లో, నా వంటలో ఎక్కడుంది? మొదట విసుక్కుంటాడు. రెండోసారి ప్రయత్నిస్తాడు. మూడోసారి వాడే ఫోన్ చేస్తాడు.

ఇవి అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, కంప్యూటర్ రానక్కర్లేదు. "మనకు చదువు లేదు, ఏం అడుగుతాం" అని మనం వెనక్కి తగ్గుతాం. "నాయనకు ఏం తెలుసు" అని వాడు దాస్తాడు. తొమ్మిది సబ్జెక్టులు ఆ సందులోంచే జారిపోయాయి.

ఇది రాసేముందు సోనాపూర్ అన్నకు ఫోన్ చేశాను. మొదట ఒకటే అడిగాను. "పిల్లగాడు ఏమంటున్నడు?" అవతల కాసేపు మాట లేదు. "వాన్ని అడగలేదన్నా. కంప్యూటర్ అయితే మంచిదని అందరన్నరు." ముందు వాడిని అడగమన్నాను.

నిన్న రాత్రి అన్నే ఫోన్ చేశాడు. అడిగాడట. గంటసేపు మాట్లాడుకున్నారట, పదకొండేళ్లలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదట. పిల్లవాడికి లెక్కలంటే ఇష్టమే. కంప్యూటర్ చదవాలనీ ఉంది. కానీ పొలం మీద అప్పు సంగతి వాడికి తెలియనే తెలియదు. తెలిసి, "ఆ సీటు నాకొద్దు నాయనా, కౌన్సెలింగ్‌ల ఏదొస్తే అది చూద్దాం, లేకుంటే డిగ్రీల కంప్యూటర్స్ చదువుత. నువ్వు మాత్రం వచ్చే ఏడాది ఇంటికి రా" అన్నాడట.

చివరి మాట చెబుతూ అన్న గొంతు పట్టుకుపోయింది. నేనూ ఇంకేమీ అడగలేదు.

కౌన్సెలింగ్ అయ్యాక ఏమైందో మీకు రాస్తాను. మీ పిల్లల చదువు సంగతులు మీరూ రాయండి. గ్రాసరీలో ఇచ్చినా మాకు చేరుతుంది.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఎండలు జాగ్రత్త, నీళ్లు తాగండి. సెలవు.